పాత ఇంగ్లిష్ బ్రయర్ పైపులు సేకరించడం ఎలా? ముందు చెక్కను చదవడం నేర్చుకోండి

పైపులు సేకరించాలంటే పొగ తాగాల్సిన పనేం లేదు. ఈ మాట ముందే చెప్పేస్తే కొంతమందికైనా టెన్షన్ తగ్గుతుంది. పైపు పొగ కూడా నోటికీ గొంతుకీ చేటే, క్యాన్సర్ దాకా తీసుకెళ్తుంది. ఇక్కడ మన పని పొగతో కాదు, చెక్కతో. గిన్నె అడుగు నుంచి పై అంచు దాకా నిలువుగా, దగ్గర దగ్గరగా సాగే సన్నని గీతలు, తిరగేస్తే అడుగున చిన్న చిన్న చుక్కల గుంపు. లండన్‌లో ఎనభై, వందేళ్ల కిందట చేసిన పైపుల కోసం జనం ఇప్పటికీ వెతుకుతున్నారంటే అందులో పెద్ద వాటా ఈ గీతలదే.

కొత్తగా దిగినవాళ్లు కంపెనీ పేరు చూసి కొంటారు, లేకపోతే ఫోటోలో మెరుపు చూసి కొంటారు. రెండు విధాలా చేతులు కాలతాయి. ముందు చెక్క, ఆ తరవాత దాని మీద గుద్దిన ముద్ర, ఆ తరవాత పగుళ్లూ రిపేర్లూ, చివరికి ధర. ఈ వరస తప్పకుండా ఉంటే చాలు.

మూడు మాటలు తెలిస్తే మిగతాదంతా సులువు. గిన్నె భాగాన్ని బౌల్ అంటారు. దాని నుంచి ముందుకు వచ్చే చెక్క కాడ షాంక్. షాంక్‌లో దూర్చి, రెండో కొసను నోట్లో పెట్టుకునే నల్ల గొట్టం స్టెమ్.

1. నార ఎటు సాగిందో చూడండి

బ్రయర్ అనేది ఎరికా ఆర్బోరియా అనే పొద. మధ్యధరా సముద్రం చుట్టూ, అంటే కోర్సికా, సార్డీనియా, ఇటలీలో కాలాబ్రియా, గ్రీసు, అల్జీరియా కొండల్లో పెరుగుతుంది. పైపుకు దాని కొమ్మలు పనికిరావు. వేళ్లకూ కాండానికీ మధ్య, నేలలో ఊరే గట్టి గడ్డే కావాలి. కార్చిచ్చుకు పైనంతా కాలిపోయినా పొద మళ్లీ చిగురించేది ఆ గడ్డ నుంచే. అది పైపులకు పనికొచ్చే సైజుకు రావడానికి దశాబ్దాలు పడుతుంది. తవ్వి తీశాక ముక్కలుగా కోసి, గంటల తరబడి నీళ్లలో ఉడికించి, నెలల తరబడి నీడపట్టున ఆరబెడతారు. తొందరపడితే చెక్క పగులుతుంది.

మనకు కావలసిన సంగతి ఆ గడ్డ లోపల ఉంది. అందులో నార మధ్య నుంచి బయటివైపుకు అన్ని దిక్కులా సాగుతుంది. పనివాడు ఆ నార వెంబడే, నిలువుగా బౌల్ వచ్చేట్టు ముక్కను పట్టుకుంటే పక్కలన్నిటా నిలువు గీతలు వస్తాయి. దాన్ని స్ట్రెయిట్ గ్రెయిన్ అంటారు. అదే పైపుకు పై అంచులోనూ అడుగునా చుక్కలు కనిపిస్తాయి. వాటి పేరు బర్డ్స్ ఐ. చుక్కలు, గీతలు వేరువేరు కాదు. చీపురుకట్టను పక్క నుంచి చూస్తే పుల్లలు, కొస నుంచి చూస్తే చుక్కలు కనిపించినట్టే. గీతలు కిందినుంచి పైకి విచ్చుకుంటూ పోతే ఫ్లేమ్ గ్రెయిన్. ముక్కను అడ్డంగా తిప్పి చెక్కితే కుడి ఎడమ పక్కల్లో బర్డ్స్ ఐ, ముందూ వెనకా గీతలు వస్తాయి. దాన్ని క్రాస్ గ్రెయిన్ అంటారు. అదీ అందమే, కానీ ఎక్కువ ధర పలికేది స్ట్రెయిట్ గ్రెయినే.

ఈ లెక్క బుర్రకెక్కితే అమ్మేవాడి మాటను మీరే తూచగలరు. "స్ట్రెయిట్ గ్రెయిన్" అని రాసి ఎడమ పక్క ఒక్కటే చూపించాడనుకోండి. పై అంచు ఫోటో అడగండి. అక్కడ చుక్కలు కాకుండా సాగదీసిన గీతలు కనిపిస్తే నార ఏటవాలుగా వెళ్లిందని అర్థం. కుడి పక్కన గీతలు వంకర తిరిగి ఉంటాయి, లేదా మధ్యలో ఎక్కడో మాయమై బట్టతల లాంటి ఖాళీ చెక్క మిగులుతుంది. నాలుగు పక్కలా నిలువు గీతలు, పైనా కిందా చుక్కలు ఉంటేనే ఆ పేరుకు తగ్గ పైపు. అలాంటి చెక్క దొరకడం కష్టం, అందుకే అంత ధర.

ఇసుకతో చెక్కిన పైపులకు, అంటే శాండ్‌బ్లాస్ట్ రకానికి, చూపు మార్చుకోవాలి. ఇసుక దెబ్బకు మెత్తని చెక్క రాలిపోయి గట్టిది గట్లుగా మిగులుతుంది. ఆ గట్లు గడ్డ ఏటేటా వేసుకున్న వలయాలు. వలయాలు నారకు అడ్డంగా ఉంటాయి కాబట్టి, లోపల నార నిలువుగా ఉన్న పైపుకు బౌల్ చుట్టూ వరసగా ఉంగరాలు తొడిగినట్టు గట్లు వస్తాయి. దీన్నే రింగ్ గ్రెయిన్ అంటారు. నునుపు పైపుల ధర చూసి బెదిరిపోయేవాళ్లు వీటితో మొదలుపెట్టడం మంచి పని.

2. ఒకటి రెండు కంపెనీలకే పరిమితం కండి

ఇంగ్లండ్‌లో పైపులు చేసినవాళ్లు చాలామంది. అందరినీ సేకరిస్తానంటే ఇల్లు నిండుతుంది, తెలివి నిండదు.

డన్‌హిల్ పేరు ఎవరైనా ముందు చెప్తారు. ఆల్ఫ్రెడ్ డన్‌హిల్ 1907లో లండన్ డ్యూక్ స్ట్రీట్‌లో పొగాకు దుకాణం తెరిచాడు, 1910లో సొంతంగా పైపులు చేయించడం మొదలుపెట్టాడు. స్టెమ్ మీద ఉండే తెల్ల చుక్క 1912 ప్రాంతంలో వచ్చింది. స్టెమ్‌ను ఏ వైపు పైకి పెట్టి బిగించాలో తెలియడానికి పెట్టిన గుర్తు అది, తరవాత హోదాకు గుర్తయింది. ఇందులో రకాలు తెలుసుకోవాలి. బ్రూయేర్ అనేది ముదురు ఎరుపు రంగు, గ్రెయిన్ ఉన్నా రంగులో దాక్కుంటుంది. షెల్ అంటే శాండ్‌బ్లాస్ట్, 1917లో వచ్చింది. 1931లో వచ్చిన రూట్ బ్రయర్‌కు లేత రంగు వేస్తారు, కాబట్టి చెక్క బాగుంటేనే ఆ వరసలోకి వెళ్తుంది. దానికన్నా పైది డి.ఆర్. ముద్ర ఉన్న స్ట్రెయిట్ గ్రెయిన్. అది మామూలు జేబుకు అందదు.

గ్రెయిన్ కోసమే అయితే నా ఓటు చారటన్‌కూ కోమోయ్స్‌కూ. డన్‌హిల్‌లో మీరిచ్చే డబ్బులో చాలా భాగం తెల్ల చుక్కకే పోతుంది.

చారటన్ కంపెనీని రష్యా నుంచి వలస వచ్చిన ఫ్రెడరిక్ చారటన్ 1863లో లండన్‌లో పెట్టాడు. చేత్తో చేసిన పెద్ద పెద్ద పైపులు, సుప్రీమ్, ఎగ్జిక్యూటివ్, సెలెక్టెడ్ అంటూ గ్రెయిన్‌ను బట్టి గ్రేడ్లు. 1950ల నుంచి అమెరికాలో వీటిని అమ్మిన హర్మన్ లేన్ కాలం పైపుల మీద వలయంలో ఎల్ అక్షరం ఉంటుంది, చూడ్డానికి పౌండు గుర్తులా కనిపిస్తుంది. 1978లో కంపెనీ డన్‌హిల్ చేతికి వెళ్లింది. సేకరించేవాళ్లు అంతకు ముందువాటినే ఎక్కువ ఇష్టపడతారు. కోమోయ్స్‌ది ఫ్రాన్స్‌లోని సెయింట్ క్లోడ్ ఊళ్లో పైపులు చేసే కుటుంబం. హెన్రీ కోమోయ్ 1879లో లండన్‌కు మారాడు. బ్లూ రిబాండ్, స్పెసిమెన్ స్ట్రెయిట్ గ్రెయిన్ అనే ముద్రలున్నవి దొరికితే వదలొద్దు. స్టెమ్ మీది సి అక్షరం ఎలా చేశారో భూతద్దంతో చూడండి. రెండో ప్రపంచ యుద్ధం తరవాతి మంచి కాలంలో దాన్ని మూడు ముక్కలుగా పొదిగేవాళ్లు. ఆ తరవాత పని సులువు చేసుకున్నారు, ఇటీవలివాటికి లేజర్‌తో గీసేశారు.

బార్లింగ్‌ది 1812 నుంచి నడిచిన వెండి పనివాళ్ల ఇల్లు. 1960లో కుటుంబం అమ్మేసింది, 1962 ప్రాంతంలో ముద్ర మారింది. అంతకు ముందువాటి మీద "బార్లింగ్స్ మేక్" అని అచ్చు అక్షరాలు వంపుగా ఉంటాయి, తరవాతివాటి మీద చేతిరాత తరహా "బార్లింగ్", నాలుగంకెల ఆకారం నంబరు ఉంటాయి. రెంటికీ ధరలో చాలా తేడా. సాసియేనిని 1919లో డన్‌హిల్ నుంచి బయటికొచ్చిన జోయెల్ సాసియేని పెట్టాడు. స్టెమ్ మీద నాలుగు చుక్కలుండే ఫోర్ డాట్ వరసే చూడండి. జీబీడీ పుట్టింది పారిస్‌లో, తరవాత లండన్‌లోనూ చేశారు. స్టెమ్ మీద గుండ్రని ఇత్తడి బిళ్ల ఉన్న లండన్ పైపులు చవకలో మంచి చెక్కనిస్తాయి. పీటర్సన్ పేరు కూడా ఈ గుంపులో వినిపిస్తుంది కానీ అది ఐర్లండ్‌ది, దాని కథ వేరు.

డబ్బు తక్కువైతే ఇంకో దారి ఉంది. పెద్ద కంపెనీలు తమ ప్రమాణానికి రాని బౌల్స్‌ను వేరే పేర్లతో అమ్మేవి. డన్‌హిల్‌కు పార్కర్, కోమోయ్స్‌కు గిల్డ్‌హాల్ అలాంటివి. గిల్డ్‌హాల్ స్టెమ్‌లో మూడు లోహపు గీతలు పక్కపక్కన ఉంటాయి, పట్టుకోవడం తేలిక. ఎక్కడో ఒక చిన్న గుంట ఉన్నందుకు పక్కన పెట్టిన చెక్కలో మిగతా అంతా చక్కటి గ్రెయిన్ దొరుకుతుంది.

3. ముద్ర చదవండి

చెక్క నచ్చాక షాంక్ పక్కకు వెళ్లండి. దీపాన్ని పక్క నుంచి, తక్కువ ఎత్తులో పెట్టి చూస్తే అక్షరాల లోతు తెలుస్తుంది.

ఒక డన్‌హిల్‌నే తీసుకుందాం. షాంక్ ఒక పక్కన 59, దాని పక్కన ఎఫ్/టి, తరవాత గుండ్రంలో 4, దాన్ని ఆనుకుని ఇంగ్లిష్ 'ఏ' (A) అక్షరం ఉన్నాయి. రెండో పక్కన "మేడ్ ఇన్ ఇంగ్లండ్", చివర 3. ఇందులో 59 ఆకారం నంబరు. ఎఫ్/టి అంటే స్టెమ్ కొస చేప తోకలా వెడల్పవుతుంది. గుండ్రంలోని 4 సైజు, ఈ సైజులు 1 నుంచి 6 దాకా ఉంటాయి. 'ఏ' అంటే బ్రూయేర్, అదే ఆర్ అయితే రూట్, ఎస్ అయితే షెల్, టి అయితే టాన్‌షెల్, అంటే లేత గోధుమ రంగు శాండ్‌బ్లాస్ట్. సైజును గుండ్రంలో వేయడం 1950లలోనే మొదలైంది కాబట్టి అంతకన్నా పాతది కాదని తేలిపోయింది. పేటెంట్ నంబరు లేకుండా, చివరి 3 మామూలు అక్షరాల ఎత్తులోనే ఉంటే 1963. రెండంకెలు ఉంటే 1960 కలపండి. 15 అంటే 1975.

అంతకు ముందు కాలానికి లెక్క ఇంత సులువు కాదు. ఒకే అంకె దశాబ్దానికోసారి మళ్లీ వస్తుంది. అది చిన్నగా పైకి ఎత్తి ఉందా, కింద గీత ఉందా, పేటెంట్ నంబరు ఏది అన్నవి కలిపి చూడాలి. చాలామంది పడే గుంట ఇక్కడే ఉంది: పేటెంట్ నంబరు 417574/34 అని కనిపించగానే పైపు 1934దని రాసేస్తారు. ఆ 34 పేటెంట్ సంవత్సరం. అదే నంబరును 1950ల మొదటి సగం దాకా గుద్దారు. అమ్మేవాడు మోసం చేయకపోవచ్చు, తెలియక రాసి ఉండొచ్చు, కానీ డబ్బు మీదే.

షాంక్‌కు వెండి పట్టీ ఉంటే పని ఇంకా తేలిక. ఇంగ్లిష్ వెండి మీద ఊరి గుర్తు, స్వచ్ఛతకు గుర్తుగా నడిచే సింహం, ఏ ఏడాదిదో చెప్పే అక్షరం ఉంటాయి. లంగరు అయితే బర్మింగ్‌హామ్, చిరుతపులి తల అయితే లండన్. 1974 దాకా లండన్ అక్షరాలు 20 ఏళ్లకోసారి మొదటికి వచ్చేవి, ప్రతిసారీ అక్షరం తీరూ చుట్టూ ఉన్న గడి ఆకారమూ మారేవి. పట్టికతో పోల్చుకుంటే ఏడాది తెలుస్తుంది. ఒక్క జాగ్రత్త: షాంక్ పగిలితే దాన్ని బిగించడానికి తరవాత పట్టీ వేయించేవాళ్లు. పట్టీ ముద్రలో సగాన్ని కప్పేస్తే అది రిపేరు పట్టీయే. అలాంటప్పుడు వెండి ఏడాదిని పైపుకు అంటగట్టకూడదు.

గ్రెయిన్ ఎంత బాగున్నా ముద్ర అరిగిపోయిన పైపుకు నేను పెద్ద ధర పెట్టను. అక్షరాల అంచులు గుండ్రంగా కరిగిపోయాయంటే ఎవరో మెషిన్ మీద పాలిష్ పట్టించేశారు. చెక్క మెరుస్తుంది, చరిత్ర పోయింది. మళ్లీ అమ్మబోతే అప్పుడు తెలుస్తుంది ఆ నష్టం ఎంతో.

4. రిపేర్లు, దాపరికాలు పట్టుకోండి

చెక్కలో చిన్న గుంటలుంటే పుట్టీ పెట్టి రంగు వేస్తారు. దీన్ని ఫిల్ అంటారు. పైపును నెమ్మదిగా తిప్పుతూ వెలుతురులో చూడండి. గీతలు వస్తూ వస్తూ ఒక చోట ఠక్కున ఆగి, అవతల మళ్లీ మొదలైతే, ఆగిన చోట చెక్క కొంచెం గులాబీ రంగులోనో మట్టి రంగులోనో ఉంటే అది ఫిల్లే. ముదురు రంగు పైపుల్లో ఇది త్వరగా కనపడదు. నూనె రాసి తీసిన ఫోటోలో అసలే కనపడదు, అందుకే నూనె తుడిచాక తీసిన ఫోటో అడగాలి.

బౌల్ లోపల పేరుకున్న మసి పొర మందంగా ఉంటే దాని కింద పగులు ఉందో లేదో తెలియదు. బయట గోడ మీద ఒక చోట నల్లగా, వేలు పెడితే గరుకుగా ఉందంటే లోపలి నుంచి కాలుతూ వచ్చిందన్నమాట, దాన్ని వదిలేయండి. పై అంచు కాలితే కొందరు గరుకు కాగితంతో అరగదీస్తారు. బౌల్ పొట్టిగా, అంచు కత్తిరించినట్టు పదునుగా కనిపిస్తే అదే ఆకారం నంబరు ఉన్న వేరే పైపు ఫోటోతో ఎత్తు పోల్చండి.

ఇక స్టెమ్. పాతవాటికి ఎక్కువగా వల్కనైట్, అంటే గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు. వెలుతురు తగిలితే పైపొర పచ్చగా, గోధుమ రంగుగా మారుతుంది. అది చూసి భయపడక్కర్లేదు. అనుమానించాల్సింది స్టెమ్, షాంక్ కలిసే చోట మెట్టులా వేలికి తగిలినప్పుడు. వేరే స్టెమ్ తగిలించి ఉంటారు. మామూలు పైపుకు తెల్ల చుక్క పెట్టి డన్‌హిల్‌గా అమ్మడం కూడా ఉంది. చుక్క ఉండి ముద్ర లేకపోతే చుక్కను నమ్మొద్దు.

5. ఎక్కడ కొనాలి, ఏం అడగాలి

లండన్‌లో ఉన్న తెలుగువాళ్లకు శనివారం పోర్టొబెల్లో రోడ్, శుక్రవారం పొద్దున్నే బర్మండ్సీ సంత అందుబాటులో ఉన్నాయి. చేతిలోకి తీసుకుని తిప్పి చూసే వీలుండడం వాటి గొప్ప. అమెరికాలో ఉంటే షికాగో పైపు షో ఉంది, మే నెలలో జరుగుతుంది. అక్కడ కొనకపోయినా నూరు పైపులు చూస్తే వచ్చే తెలివి ఇంట్లో కూర్చుని రాదు.

మన దగ్గరైతే సికింద్రాబాద్ కంటోన్మెంట్ లాంటి చోట్ల పాత ఇళ్ల సామాన్లలో ఎప్పుడైనా ఒకటి బయటపడొచ్చు. గుంటూరుకు పొగాకు వ్యాపారంతో బ్రిటన్‌తో ఉన్న సంబంధం తెలిసిందే, ఇక్కడి వర్జీనియా ఆకు అక్కడికి ఎగుమతయ్యేది. ఆ కాలం ఇళ్లు ఖాళీ చేసేటప్పుడు పెట్టెల అడుగున కూడా ఒక చూపు వేయండి. కానీ నిజం చెప్పాలంటే ఇండియాలో ఉన్నవాళ్లకు ఎక్కువ కొనుగోళ్లు ఆన్‌లైన్ వేలాల్లోనే జరుగుతాయి.

అలా కొనేటప్పుడు ఎడమ, కుడి, ముందు, వెనక, పై అంచు, అడుగు, ఈ ఆరు ఫోటోలు లేకుండా బేరం మొదలుపెట్టొద్దు. అదనంగా ముద్ర రెండు పక్కలా, స్టెమ్ తీసి దాని లోపలి కొస. ఇవి పంపడానికి విసుక్కునే అమ్మకందారు దగ్గర కొనక్కర్లేదు. షాంక్‌లో వెంట్రుకవాసి పగులు ఉందా అని నేరుగా అడిగి జవాబు రాతలో తీసుకోండి, తరవాత వాపసుకు పనికొస్తుంది.

పార్సిల్ ఇండియాకు వస్తే కస్టమ్స్ సుంకం ఉంటుంది. కస్టమ్స్ సుంకాల పట్టికలో పైపులు 9614 శీర్షిక కిందికి వస్తాయి. పెట్టెలో పొగాకు పెట్టొద్దని, వివరాల్లో వాడిన చెక్క పైపు అని స్పష్టంగా రాయమని అమ్మేవాడికి ముందే చెప్పండి. ఏనుగు దంతం అతికిన పాత పైపుల జోలికి అసలు వెళ్లొద్దు. మన వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు, బ్రిటన్‌లోనూ 2022 నుంచి దంతం వ్యాపారం మీద దాదాపు పూర్తి నిషేధం ఉంది.

6. శుభ్రం చేయడంలో చేయి నెమ్మది

వచ్చిన వెంటనే స్టెమ్‌ను లాగేయకండి. బిగుసుకుపోయి ఉంటే ఒకటి రెండు గంటలు ఫ్రీజర్‌లో పెట్టి తీసి, మెల్లగా తిప్పుతూ లాగితే వస్తుంది. బలం వాడితే షాంక్ పగులుతుంది.

లోపలి మసిని కత్తితో గీకొద్దు. మసి తీయడానికే గుండ్రని రీమర్ అనే పనిముట్టు దొరుకుతుంది, దాన్ని కొద్దికొద్దిగా తిప్పండి. సన్నటి పొర మిగిలినా పర్లేదు. పొగ దారిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన పైప్ క్లీనర్లతో, అవి తెల్లగా బయటికొచ్చేదాకా తుడవాలి. ఆల్కహాల్ బయటి చెక్క మీద పడితే రంగు ఊడుతుంది, చేతికింద గుడ్డ ఉంచుకోండి. బయటి భాగానికి తడి పిండేసిన గుడ్డ, కాస్త తేలికపాటి సబ్బు చాలు. ముద్ర ఉన్న చోట వేలితో రుద్దడం కూడా వద్దు.

స్టెమ్ రంగు పోగొట్టాలంటే నీళ్లలో తడిపిన సన్నటి పాలిషింగ్ ప్యాడ్లతో, గరుకు నుంచి నునుపుకు వరసగా వెళ్లాలి. కంపెనీ గుర్తు ఉన్న చోట ముందే టేప్ అంటించేయండి. చివర ఒక చుక్క మినరల్ ఆయిల్ రాసి తుడిస్తే నలుపు తిరిగొస్తుంది. బౌల్‌కు కార్నోబా మైనం పట్టించొచ్చు, అదీ పలచగా. మెషిన్ మీద పట్టించమని ఎవరికీ ఇవ్వొద్దు.

7. దాచడం, రాసిపెట్టడం

ఎండ తగలని అల్మరాలో ఉంచండి. కిటికీ పక్కన అద్దాల షోకేసులో పెడితే స్టెమ్‌లు మళ్లీ పచ్చబడతాయి. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో చెక్క ఉబ్బి స్టెమ్ బిగుసుకుంటుంది, కాబట్టి రెండు నెలలకోసారి తీసి చూసి మళ్లీ పెట్టండి. సిలికా జెల్ పొట్లం ఒకటి అరలో వేస్తే సరిపోతుంది, మరీ ఎక్కువ వేస్తే చెక్క ఎండి పగులుతుంది.

ప్రతి పైపుకు ఒక పేజీ కేటాయించండి. ముద్ర అక్షరాలు ఉన్నది ఉన్నట్టు, ఎంతకు కొన్నారు, ఎవరి దగ్గర, మీరు చేసిన ప్రతి మరమ్మతు, ఆరు పక్కల ఫోటోలు. తరవాత దాన్ని అమ్మి మెరుగైన గ్రెయిన్ ఉన్నది తెచ్చుకోవాలనుకున్నప్పుడు ఆ పేజీనే కొనేవాడికి పంపండి, పెట్టిన ఫిల్లూ మార్చిన స్టెమూ దాచకుండా.